పర్లాకిమిడి కొండలకి బయల్దేరే ముందు: ట్రెక్కింగ్ సామాను ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలుసుకునే పూర్తి గైడ్

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇటు నాలుగడుగులేస్తే పాతపట్నం, అంటే ఆంధ్రా, అటు తిరిగితే అన్నీ కొండలే. మహేంద్రగిరి ఉంది, గండాహతి జలపాతం ఉంది, కాస్త ఓపిక చేసుకుని కొరాపుట్ వైపు వెళ్తే దేవమాలి ఉంది. ఈమధ్య మన తెలుగు కుర్రాళ్ళు టెక్కలి నుంచి, శ్రీకాకుళం నుంచి, వైజాగ్ నుంచి కూడా బైకులేసుకుని వస్తున్నారు, వీపుకి పెద్ద పెద్ద బ్యాగులు, నడుముకి కత్తి, చేతికి తాడు బ్రేస్‌లెట్టు. రావడం నాకు చాలా సంతోషం. కాకపోతే వాళ్ళు మోసుకొచ్చే సామాను చూస్తే భయమేస్తుంది, ఎంచేతంటే అందులో చాలామట్టుకు చలి దేశాల కోసం, గాలి పొడిగా ఉండే కొండల కోసం తయారైంది, మన దగ్గర ఉండేదేమో ఉక్కపోత, ఎర్రమట్టి, ముళ్ళకంపలు, అక్టోబర్ వచ్చిందంటే తుపాను.

ఈ భయం ఊరికే పుట్టలేదు. ఒక డిసెంబర్‌లో నేనూ మా బావా మహేంద్రగిరి వెళ్ళాం. బావ బూట్లు ఖరీదైనవే, కొని ఐదారేళ్ళయింది గానీ మహా అయితే నాలుగుసార్లు వేసుంటాడు, మిగతా అంతా అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి. దిగేటప్పుడు సగం దారిలో కుడికాలి అడుగు ఊడిపోయింది, జిగురు విడిపోవడం కూడా కాదు, మధ్యలో ఉండే మెత్తటి పొర నానిన రస్కులాగ పొడిపొడి అయిపోయింది. ఇంకో అరగంటకి ఎడమదీ అంతే. తువ్వాలు చింపి కాళ్ళకి చుట్టుకుని దిగాడు పాపం. దాంతో ఆలస్యమై చీకటి పడింది, తలకి కట్టుకునే లైటు తీస్తే లోపల బ్యాటరీలు కారిపోయి తెల్లటి పొక్కు కట్టేసి ఉన్నాయి, వెలగలేదు. ఇద్దరం ఒక్క ఫోన్ లైటుతో, అదీ 11 శాతం ఛార్జింగ్‌తో కిందికి చేరాం. ఇంటికొచ్చేసరికి మా అక్క గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. మేం తీసుకెళ్ళిన వస్తువుల్లో ఒక్కటీ చవకది లేదు, ఏది ఎప్పుడు పాడైపోద్దో మాకు తెలియకపోవడమే మమ్మల్ని ముంచింది. అప్పట్నుంచి ప్రతి వస్తువునీ కొండెక్కే ముందు ఇంట్లోనే పరీక్ష పెడుతున్నాను, అదే వరసలో ఇక్కడ రాస్తున్నా.

1. ముందు కొండ సంగతి చూడండి, సామాను తర్వాత

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు, దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అదే అన్నిటికంటే ఎత్తైన శిఖరం. పైకి వెళ్ళేకొద్దీ వెయ్యి మీటర్లకి దగ్గరదగ్గర 6 డిగ్రీలు చల్లబడుతుంది, అంటే పర్లాకిమిడిలో రాత్రి 15 డిగ్రీలు ఉంటే మహేంద్రగిరి పైన ఏడో ఎనిమిదో ఉంటుంది, దానికి తోడు గాలి, మంచు తడి. కింద ఎండ చూసి టీషర్టుతో ఎక్కేసేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఇంకోటి, మనం తూర్పున ఉన్నాం కదా, హైదరాబాద్ కంటే ఇరవై నిమిషాలు ముందే పొద్దు వాలిపోద్ది, డిసెంబర్‌లో ఐదుంపావు అయ్యిందంటే అడవిలో దారి కనపడదు. మహేంద్రగిరి శివరాత్రి జాతరకి వెళ్తే దారంతా జనం ఉంటారు, నీళ్ళు, తిండి, సాయం అన్నీ దొరుకుతాయి, అదే దారిలో మామూలు మంగళవారం వెళ్తే గంటలకొద్దీ మనిషి కనపడడు. కాబట్టి ఏ నెల, ఏ దారి, ఎన్ని గంటలు, రాత్రి ఉంటామా లేదా అన్నది ఒక కాగితం మీద రాసుకోండి, మిగతా లెక్కంతా దాని మీదే ఉంటుంది.

తర్వాత సామానంతా చాప మీద పరిచి ఒక్కోటీ చేతిలోకి తీసుకుని నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది తడిస్తే పని చేస్తుందా? చీకట్లో ఒంటి చేత్తో వాడగలనా? ఇది పోతే దీని బదులు ఏముంది? ఇంత బరువు మోసినందుకు ఎన్నిసార్లు వాడతాను? నాలుగిట్లో రెండింటికి జవాబు లేకపోతే దాన్ని పక్కన పెట్టేయండి.

2. బూట్లు: ఎక్కువ దెబ్బ ఇక్కడే

వాటర్‌ప్రూఫ్ బూట్లు కొనమని అందరూ చెప్తారు. వాటి లోపల ఒక సన్నటి పొర ఉంటుంది, బయటి నీటిని రానివ్వదు, లోపలి చెమట ఆవిరిని మాత్రం బయటికి పంపుతుంది. ఆ ఆవిరి పోవాలంటే లోపలికంటే బయట గాలి పొడిగా, చల్లగా ఉండాలి. ఆగస్టులో మన కొండల్లో బయట కూడా గాలి నీళ్ళోడుతూ ఉంటుంది కాబట్టి ఆవిరి ఎక్కడికీ పోదు, రెండు గంటలకి మేజోళ్ళు పిండితే నీళ్ళు కారతాయి. పైగా వాగు దాటినప్పుడు నీళ్ళు పైనుంచి లోపలికి పోయాయంటే ఆ పొరే నీటిని లోపల పట్టి ఉంచేస్తుంది, మామూలు బూటు అరపూటలో ఆరిపోయేది ఇది రెండ్రోజులైనా ఆరదు. తడి కాలికి పొక్కులు బేగా వస్తాయి. నా మటుకు నేను వానాకాలం నీళ్ళు కారిపోయే మామూలు గుడ్డ బూట్లే వేస్తాను, వాటర్‌ప్రూఫ్‌వి డిసెంబర్ జనవరిల్లో మంచు తడి గడ్డిలో నడవడానికి ఉంచుకుంటాను.

పోలీసులు, ఫారెస్ట్ వాళ్ళు వేసే కాన్వాస్ బూట్లు చవక, తొందరగా ఆరతాయి, చీలమండ దాకా కప్పుతాయి. వాటి లోపం ఏంటంటే అడుగు పల్చన, రాళ్ళ దారిలో నాలుగు గంటలు నడిస్తే అరికాలు మండిపోద్ది, లోపల మంచి ఇన్‌సోల్ ఒకటి వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. గంబూట్లు బురదలో బాగుంటాయి గానీ ఎక్కడానికి పనికిరావు, మడమ పట్టు ఉండదు. సవర ఊళ్ళలో పెద్దాళ్ళు హవాయ్ చెప్పులతోనో వట్టి కాళ్ళతోనో చకచకా ఎక్కిపోతుంటే చూసి మనమూ అలా వెళ్ళకూడదు, వాళ్ళ కాళ్ళు చిన్నప్పట్నుంచీ ఆ రాళ్ళకి అలవాటు పడ్డాయి.

ఇక బావ బూట్ల సంగతి. చాలా బూట్లలో మధ్య పొర పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, గాలిలో తేమ తగిలి తగిలి అది లోపల్లోపలే విడిపోతుంది, వాడినా వాడకపోయినా. చెప్పాలంటే వాడకుండా మూసి పెట్టినవే ముందు పోతాయి. మన ఉక్కపోత ఊళ్ళలో ఇది ఇంకా తొందర. ఈవీఏ అనే ఇంకో రకం పొరకి ఈ జబ్బు లేదు, అది మెల్లగా అణిగిపోయి మెత్తదనం పోగొట్టుకుంటుంది అంతే. పరీక్ష సులువు: బూటుని రెండు చేతులా పట్టుకుని గట్టిగా వంచండి, మధ్య పొర మీద బొటనవేలితో నొక్కండి, సన్న పగుళ్ళు కనపడినా, జిగురుగా తగిలినా, పొడి రాలినా ఆ బూట్లు వేసుకుని వెళ్ళొద్దు. నాలుగేళ్ళు దాటిన జత అయితే ముందు రోజు కాకుండా పది రోజుల ముందు వేసుకుని ఊళ్ళో రెండు మూడు గంటలు నడవండి, పోతే ఇక్కడే పోతాయి.

కొత్త బూట్లు సాయంత్రం పూట కొనండి, పొద్దంతా నడిచాక కాలు కొంచెం ఉబ్బుతుంది కదా. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ లేకపోతే దిగేటప్పుడు గోళ్ళు నల్లబడతాయి.

3. బట్టలు, వాన సామాను

జీన్స్ వేసుకుని వచ్చేవాళ్ళకి చేతులెత్తి దండం పెడుతున్నా, వద్దు. తడిస్తే ఆ బరువుకి తొడలు ఒరుసుకుపోతాయి, రాత్రంతా ఆరదు. కాటన్ బనీను మే నెల ఎండలో చల్లగానే ఉంటుంది, అదే బనీను చెమటతో తడిసి సాయంత్రం పైన గాలి తగిలిందంటే ఒంట్లో వేడంతా లాగేస్తుంది. క్రికెట్ ఆడుకునే పాలిస్టర్ జెర్సీ బేగా ఆరుతుంది, కంపు కొడుతుంది గానీ కొట్టనీండి. నిప్పు దగ్గర మాత్రం జాగ్రత్త, రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుపోద్ది.

రెయిన్‌కోటు విషయంలో మన బజార్లో దొరికే ప్లాస్టిక్ కోటు నీటిని బాగా ఆపుతుంది, లోపల చెమట మాత్రం వానకంటే ఎక్కువ తడిపేస్తుంది. ఖరీదైన జాకెట్లకి పైన నీళ్ళు జారిపోయే పూత ఉంటుంది, మట్టి, చెమట పట్టి అది పోయాక బట్ట నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది. లోపలి పూత పొలుసులుగా రాలుతోందంటే ఆ జాకెట్ పని అయిపోయినట్టే. పాంచో (తలమీంచి వేసుకునే వదులు వానకోటు) గాలికి ముఖం మీదికి లేచిపోయి కాళ్ళు కనపడవు, మెట్ల దారిలో అది చాలా ప్రమాదం. నా అనుభవంలో గాలి లేని వానకి గొడుగే మేలు, కింద గాలి ఆడుతుంది, చెమట పట్టదు, కానీ ఒక చెయ్యి ఇరుక్కుపోతుంది, పైన బయలు గట్టు మీద ఉరుములు మొదలయ్యాయంటే గొడుగు మూసేసి కిందికి దిగిపోవాలి.

బ్యాగుకి వేసే రెయిన్ కవర్‌ని నమ్ముకోకండి. వీపు వైపు అంతా తెరిచే ఉంటుంది, మెడ మీంచి కారిన నీళ్ళు అటునుంచే లోపలికి పోతాయి, కవర్ అడుగున చెంబెడు నీళ్ళు నిలుస్తాయి, కొమ్మ తగిలితే కవరే ఊడి లోయలోకి పోద్ది. దాని బదులు దళసరి పాలిథిన్ సంచి పెద్దది ఒకటి బ్యాగు లోపల పెట్టి, అన్నీ అందులో వేసి మూతి మెలిపెట్టి కట్టేయండి. ఖర్చు ముప్పై రూపాయలు.

4. నీళ్ళు

ఇక్కడ తప్పు చేస్తే ఇంటికొచ్చాక కూడా వారం మంచమెక్కాలి. గొట్టంతో పీల్చుకు తాగే ఫిల్టర్లు, సీసా మూతకి బిగించే ఫిల్టర్లు ఇప్పుడు అందరి దగ్గరా ఉంటున్నాయి. వాటిలో సన్నటి గొట్టాల కట్ట ఉంటుంది, రంధ్రాలు 0.1 లేదా 0.2 మైక్రాన్లు. బ్యాక్టీరియాని, విరేచనాలు పెట్టే జియార్డియా లాంటి క్రిముల్ని ఆపుతుంది. వైరస్ అంతకంటే చిన్నది, దూరి వచ్చేస్తుంది, పచ్చకామెర్ల వైరస్ అలాంటిదే. పైన ఊరు, పశువులు ఉన్న వాగు అయితే అది గుర్తు పెట్టుకోవాలి. నీళ్ళలో కలిసిపోయిన పురుగు మందుల్ని కూడా ఆ గొట్టాల కట్ట ఆపలేదు, రాయగడ, గుణుపూర్ వైపు పత్తి చేల పక్కన పారే కాలవ నీళ్ళు ఇలాంటి ఏ ఫిల్టర్‌తో తాగినా ఒకటే, అది వదిలేసి పైకెళ్ళి ఊట దగ్గర పట్టుకోండి. మన ఎర్రమట్టి నీళ్ళకి ఫిల్టర్ తొందరగా పూడుకుపోతుంది కూడా, ముందు పంచె గుడ్డ నాలుగు మడతలేసి వడకట్టండి, పది నిమిషాలు తేరనివ్వండి, అప్పుడు ఫిల్టర్‌లో పోయండి.

క్లోరిన్ మాత్రలు తేలిక, చవక. మాత్ర వేసి అరగంట ఆగాలి, దాహం వేస్తున్న మనిషి అరగంట ఆగడు, అదే దీని పెద్ద లోపం. బురద నీటిలో క్లోరిన్ బలం మట్టికే సరిపోద్ది, క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి క్లోరిన్‌కి అంత తొందరగా చావదు. నేను చేసేది వడకట్టడం, ఫిల్టర్ చెయ్యడం, ఆ తర్వాత మాత్ర వెయ్యడం, రెండింటి లోపం ఒకదానికొకటి కప్పుకుంటాయి. పొయ్యి ఉంటే గొడవే లేదు, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు, మన కొండల ఎత్తుకి అంతకంటే అక్కర్లేదు.

సీసాల గురించి రెండు ముక్కలు. రెండు పొరల ఫ్లాస్కు లాంటి స్టీలు బాటిల్‌ని ఎప్పుడూ నిప్పు మీద పెట్టొద్దు, మధ్యలో చిక్కుకున్న గాలికి దారి లేక పేలిపోవచ్చు. ఒంటి పొర స్టీలు బాటిల్ అయితే మూత తీసేసి కాచుకోవచ్చు. రాగి బాటిల్‌లో నిమ్మరసం, మజ్జిగ పోసి తెచ్చేవాళ్ళున్నారు, పులుపుకి రాగి కరిగి కడుపులో తిప్పుతుంది. గొట్టం ఉన్న నీళ్ళ సంచీ నడుస్తూ తాగడానికి హాయిగా ఉంటుంది, ఎంత మిగిలిందో కనపడదు, సగం దారిలో సుర్రుమని అయిపోతుంది, ఆరబెట్టకపోతే బూజు. నా దగ్గర మాత్రం లీటర్ సీసాలు రెండు, పల్చటివి, అంతే.

5. లైటు, ఫోను, పవర్ బ్యాంకు

హెడ్‌ల్యాంప్ డబ్బా మీద 40 గంటలు అని ఉంటే పొంగిపోకండి. కంపెనీలు పాటించే పద్ధతిలో ఆ లెక్క మొదటి వెలుగులో పదో వంతుకి పడిపోయేదాకా. అంటే చివరి గంటల్లో మిణుగురు పురుగంత వెలుగు. దాన్ని ఒక రాత్రి ఇంట్లో వెలిగించి, పుస్తకం చదవడానికి ఎన్ని గంటలదాకా వీలైందో రాసుకోండి, అదే మీ అసలు లెక్క. ఆల్కలైన్ బ్యాటరీలు లోపల వదిలేస్తే కారతాయి, మాకు జరిగింది అదే, ఇంటికి రాగానే తీసేయాలి. ఛార్జింగ్ లైటుకి కారడం లేదు గానీ బ్యాగులో బటన్ నొక్కుకుపోయి వెలిగి వెలిగి ఖాళీ అయిపోతుంది, లాక్ ఉందో లేదో కొనేటప్పుడే చూడండి. మనిషికో లైటు, గుంపుకి ఒక లైటు ఎక్కువ.

పవర్ బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. అది లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర, అంటే 37 వాట్ అవర్లు. బయటికి 5 వోల్టులకి పెంచి పంపేటప్పుడు కొంత వేడిగా పోతుంది, చేతికొచ్చేది ముప్పై చిల్లర. 5,000 ఎంఏహెచ్ ఫోనుకి దాదాపు 19 వాట్ అవర్లు కావాలి. కాబట్టి రెండుసార్లు ఎక్కుతుందనుకున్నది ఒకటిన్నరసార్లే. బ్యాగుకి తగిలించే సోలార్ పలక మన సాల చెట్ల నీడలో ఏమీ ఎక్కించదు, బరువు తప్ప.

మన బోర్డర్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. ఫోను ఒకసారి ఆంధ్రా టవర్‌కి, ఒకసారి ఒడిశా టవర్‌కి అంటుకుంటూ, లోయలోకి దిగితే ఏదీ దొరక్క వెతుక్కుంటూ ఉంటుంది, బ్యాటరీ అక్కడే కరిగిపోద్ది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి, జీపీఎస్‌కి టవర్ సిగ్నల్ అక్కర్లేదు, పని చేస్తుంది, కానీ మ్యాపు ముందే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకోవాలి. డౌన్‌లోడ్ అయిందనుకుంటే సరిపోదు, డేటా ఆపేసి తెరిచి చూడండి. తడి వేళ్ళకి టచ్ పని చెయ్యదు, చిన్న జిప్ కవర్‌లో పెట్టండి. ఆపదొచ్చి 112 కొడితే ఏ టవర్ దొరికితే ఆ రాష్ట్రం వాళ్ళకి వెళ్ళొచ్చు, అందుకే ఫోన్ ఎత్తగానే రాష్ట్రం, జిల్లా, దగ్గర ఊరు పేరు ముందు చెప్పండి, తర్వాతే జరిగింది చెప్పండి.

అమెరికాలో ఉన్న చుట్టాలు శాటిలైట్ మెసెంజర్లు పంపిస్తుంటారు, అక్కడ అది మామూలే. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, అలాంటి పరికరాలు వాడటం నేరం, విదేశీ యాత్రికులు ఎయిర్‌పోర్టుల్లో దొరికిపోయి కేసుల్లో ఇరుక్కున్నారు. మంచి మనసుతో పంపినా సరే, ఇంట్లోనే ఉంచండి.

దిక్సూచి గురించి ఒక్క మాట. ఫోన్ కవర్‌లో అయస్కాంతం పక్కన, స్పీకర్ పక్కన పెడితే ముల్లు తిరగబడుతుంది, ఉత్తరం అన్నది దక్షిణం చూపిస్తుంది. బయల్దేరే ముందు పొద్దున్నే సూర్యుడి వైపు పెట్టి చూసుకోండి. బ్రేస్‌లెట్టు మీద, ఈల వెనకాల గుండీ అంత దిక్సూచులు వస్తున్నాయి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

6. నిప్పు, కత్తి, తాడు

ఇవి ఎక్కువ చూపించుకోడానికి కొంటున్నారు, ఇక్కడ తొందరగా చెప్పేస్తా. గీకితే రవ్వలు వచ్చే ఫెర్రో కడ్డీ తడిసినా పని చేస్తుంది, నిజమే, కానీ రవ్వ పట్టుకోడానికి పొడి పీచు కావాలి, జూలైలో అడవిలో పొడి పీచు ఎక్కడుంటుంది? ఇంటి నుంచి కొబ్బరి పీచు, వాసెలిన్ రాసిన దూది చిన్న డబ్బీలో తెచ్చుకోండి. అగ్గిపెట్టె తేమకి మెత్తబడుతుంది, పది రూపాయల గ్యాస్ లైటర్ రెండు వేరు వేరు జేబుల్లో ఉంటే చాలు. రిజర్వ్ ఫారెస్ట్‌లో నిప్పు పెట్టడం నేరం, మార్చి ఏప్రిల్‌లో ఎండాకుల మీద ఒక్క రవ్వ చాలు కొండంతా అంటుకోడానికి, ఆ నెలల్లో నిప్పు మాటే వద్దు. అటుకులు, బెల్లం, పల్లీలు, కొబ్బరి ముక్కలు తెచ్చుకోండి, వండక్కర్లేదు.

పిడి లోపల డొల్లగా ఉండి అందులో సూదీ దారం గాలం పెట్టిన సర్వైవల్ కత్తి చూడ్డానికి బాగుంటుంది, కట్టె మీద గట్టిగా కొడితే పిడి దగ్గరే విరుగుతుంది. కూరగాయలు కోసుకునే చిన్న కత్తి, ఒరతో, సరిపోద్ది. తాడు బ్రేస్‌లెట్లలో చాలావాటికి లోపల సరైన పోగులే ఉండవు, మంచి పారాకార్డ్ (పారాచూట్ తాడు రకం) అయినా దాదాపు 250 కిలోల కదలని బరువుకే, మనిషి జారిపడితే వచ్చే కుదుపుకి కాదు. దాన్ని పట్టుకుని బండ దిగొద్దు. తాళంచెవులకి తగిలించే క్యారబైనర్లూ (కొక్కేలు) అంతే. ఈలలో గింజ ఉన్న రకం తడిస్తే మూగబోతుంది, గింజ లేనిది కొనండి, మూడు ఊదులు ఊదితే ఆపద అని అర్థం. మన దగ్గర ఎలుగుబంట్లు ఎదురుపడేది చప్పుడు లేకుండా మలుపు తిరిగినప్పుడే, కాబట్టి చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేసి మాట్లాడుకుంటూ నడవండి.

చేతికర్రల్లో మెలితిప్పి బిగించేవి మట్టి దూరితే జారిపోతాయి, క్లిప్పుతో బిగించేవి నయం. దారిలో ఏ ఊళ్ళోనైనా అడిగితే వెదురు కర్ర ఇస్తారు, దానికి ఏ లోపమూ నేను చూడలేదు.

7. రాత్రి ఉండేట్టయితే

ఒంటి పొర టెంటు చవక, తేలిక, తెల్లారేసరికి మన ఊపిరి తడే లోపల బొట్లు కట్టి మీద పడుతుంది. రెండు పొరలది తీసుకోండి, కిటికీలు తెరిచే పెట్టండి. బట్ట మీద 1,500 మిల్లీమీటర్లు (ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆపుతుందన్న లెక్క) అని రాసి ఉంటే మామూలు వాన ఆపుతుంది, నేల గుడ్డకి మాత్రం మన మోకాలి బరువు ఎక్కువ కాబట్టి 3,000 ఉంటే మంచిది. ఫైబర్ కడ్డీలు చీలి ముక్కలు వేలిలో దిగుతాయి, ఒక టేపు చుట్ట దగ్గర ఉంచుకోండి. టెంటు లోపల స్టవ్వు వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం పోద్ది.

ఎక్కడ వేస్తున్నారన్నది టెంటు కంటే ముఖ్యం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లా బరఘర ఊళ్ళో వానకి తలదాచుకుందామని కొండ గుహలోకి వెళ్ళినవాళ్ళ మీదే కొండచరియ విరిగి పడింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే మనసు ఆగదు. కుండపోత వానలో వాలు కింద, బండ కింద, వాగు ఒడ్డున ఉండొద్దు, అక్టోబర్‌లో అల్పపీడనం వార్త వింటే ప్రయాణమే మానుకోండి.

స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి, అందులో కంఫర్ట్ అన్నదే చూడండి, మిగతావి ముడుచుకుని ఎలాగో నెట్టుకురావడం, చివరికి బతికి ఉండటం అన్న లెక్క. ఈకలు నింపినది మన తేమకి ముద్దయిపోయి వెచ్చదనం పోతుంది, సింథటిక్‌ది కొంచెం బరువైనా నయం. వెండి రంగు రేకులాంటి దుప్పటి ఒంటి వేడిని వెనక్కి పంపుతుంది నిజమే, నేల చలిని మాత్రం ఆపదు, ఒక ముల్లు తగిలితే బారుగా చిరిగిపోద్ది, లోపల చెమటకి తడిసిపోతాం. ఆపదలో పైన కప్పుకోడానికి ఒకటి ఉంచుకోండి, పరుపుగా లెక్కెయ్యకండి. గాలి పరుపు మన ముళ్ళకి ఒక్క రాత్రి ఆగదు, ఫోమ్ చాప తెచ్చుకోండి.

దోమల గురించి గట్టిగా చెప్పాలి. మన కొండ జిల్లాల్లో ఫాల్సిపారం మలేరియా ఉంది, అది మెదడుకెక్కే రకం. ఊయల మంచంలో పడుకుంటే కిందనుంచి గుడ్డ మీదుగానే కుడతాయి, చుట్టూ తెర ఉన్నది తీసుకోండి. డీట్ (దోమల్ని తరిమే మందు) ఉన్న క్రీము బాగా పని చేస్తుంది గానీ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, వాచీ అద్దం, కళ్ళజోడు ఫ్రేము, రెయిన్‌కోటు పాడైపోతాయి, రాసుకున్నాక వేళ్ళు తుడుచుకోండి. తిరిగొచ్చాక జ్వరం వస్తే కొండల్లో పడుకున్న సంగతి డాక్టర్‌కి మీరే చెప్పాలి, వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో వాళ్ళకి తట్టకపోవచ్చు.

8. మందుల డబ్బా, పాము కాటు

ఆన్‌లైన్‌లో పాము కాటు కిట్ అని చిన్న పంపు, బ్లేడు, రబ్బరు తాడు అమ్ముతున్నారు. దయచేసి కొనకండి, ఉంటే పారేయండి. పంపు విషాన్ని లాగలేదు, చర్మం ఇంకా దెబ్బతింటుంది. బ్లేడుతో కోస్తే రక్తపింజరి కాటుకి రక్తం ఆగదు. తాడు గట్టిగా బిగిస్తే కాలు చచ్చుబడుతుంది, ఆసుపత్రిలో విప్పగానే విషం ఒక్కసారి పైకెక్కుతుంది. చెయ్యాల్సింది ఏంటంటే మనిషిని కూర్చోబెట్టి ధైర్యం చెప్పాలి, ఉంగరాలు, కడియాలు తీసేయాలి, కాటు పడ్డ కాలికి కర్ర ఆనించి కదలకుండా కట్టాలి, నడిపించకుండా మోసుకెళ్ళాలి, 108 కి ఫోన్ చెయ్యాలి. మన దేశంలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకటే, కాబట్టి పాముని చంపి తెచ్చే పని పెట్టుకోవద్దు. కట్లపాము రాత్రిళ్ళు నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, నొప్పి కూడా తెలీదు, పొద్దున్న కళ్ళు మూతలు పడుతూ, మాట ముద్దగా వస్తే అనుమానించాలి. జిప్ మూసిన టెంటు దీనికి మంచి రక్ష, అందుకే చిరిగిన జిప్‌ని నిర్లక్ష్యం చెయ్యొద్దు.

డబ్బాలో తేదీ దాటిన మందులు తీసేయండి, ప్లాస్టర్ల జిగురు మన ఎండకి ఎండిపోద్ది, ఒకటి అంటించి చూడండి. ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్ అంటే లీటరు నీళ్ళకే, గ్లాసులో మొత్తం కలిపి తాగితే మేలు కంటే కీడే ఎక్కువ.

9. డాబా మీద ఒక రాత్రి

అన్నీ సర్దాక వెళ్ళడానికి వారం ముందు డాబా మీద టెంటు వేసి ఇంట్లోవాళ్ళ చేత నాలుగు బకెట్లు నీళ్ళు పోయించండి. రెయిన్‌కోటు వేసుకుని మీరూ నిలబడండి. బ్యాగు నిండా సర్ది దాని మీదా పోయించండి, తెరిచి ఏది తడిసిందో చూడండి. లైట్లన్నీ ఆర్పి చీకట్లో హెడ్‌ల్యాంప్ బ్యాటరీ మార్చండి, టెంటు మడవండి. ఆ బరువుతోనే పొద్దున్న రెండు గంటలు నడవండి. పిల్లలకి ఇది మంచి ఆట కూడా, మా అక్క పిల్లలు బకెట్లు మొయ్యడానికి పోటీ పడతారు.

బయల్దేరే రోజు ఏ దారిలో ఎక్కుతున్నారు, ఎన్నింటికి దిగుతారు, ఎన్నింటి దాకా కబురు లేకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నది కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. దారి మొదట్లో ఉన్న ఊళ్ళో ఒక పెద్దాయనకి కూడా చెప్పండి, ఒడియాలోనో తెలుగులోనో ఏదో ఒకటి నడుస్తుంది.

10. తిరిగొచ్చాక

అలసిపోయి బ్యాగు మూలన పడేస్తే సామానంతా అక్కడే చచ్చిపోద్ది. టెంటు నీడలో పూర్తిగా ఆరేదాకా మడవొద్దు, తడితో మడిస్తే పూత జిగురెక్కి పుల్లటి వాసన కొడుతుంది, ఇక అది పోదు. స్లీపింగ్ బ్యాగు నొక్కి ఉంచకుండా వదులు సంచిలో వేలాడదీయండి. బ్యాటరీలు తీసేయండి. ఫిల్టర్‌ని మంచి నీళ్ళతో వెనక్కి కడిగి ఆరబెట్టండి. బూట్ల ఇన్‌సోల్ తీసి, లోపల పాత పేపర్లు కుక్కి, గాలి తగిలే చోట పెట్టండి, పెట్టెలో మూయకండి.

బావ మళ్ళీ బూట్లు కొన్నాడు. నాలుక లోపలివైపు కొన్న నెల, సంవత్సరం మార్కర్‌తో రాసుకున్నాడు, ఆదివారం కూరగాయల బజారుకి అవే వేసుకుని వెళ్తున్నాడు. వచ్చే డిసెంబర్‌లో మళ్ళీ మహేంద్రగిరి వెళ్దామంటున్నాడు, అక్క మాత్రం డాబా మీద బకెట్ల పరీక్ష తన చేత్తోనే పెడతానంటోంది.